బుడంకాయ కట్టిన క.సా.గు.

బస్సు డిపోలో ఆయన్ని చార్టు సారు అంటారు. నూట పన్నెండు మంది డ్రైవర్లలో ఎవరు ఏ రోజు ఏ బండి ఎక్కాలో, ఎవరు దిగితే ఎవరు స్టీరింగు అందుకోవాలో గళ్ల కాగితం మీద గీసి నోటీసు బోర్డుకు గుచ్చేది ఆయనే. పదిహేనేళ్లలో ఆయన చార్టు తప్పి ఒక్క బండి కూడా డ్రైవరు లేక నిలబడిపోలేదు. ఎవరు పరిచయమైనా ఐదు నిమిషాలు తిరక్కుండా ఈ మాట చెప్పేస్తాడు. పెళ్లికి ముందు, కాబోయే భార్యతో మాట్లాడిన మొదటి మాట ఇదే. పన్నెండేళ్ల తర్వాత విడాకుల అర్జీలో ఆవిడ రాయించిన మొదటి కారణమూ దాదాపు ఇదే: మనిషి ఇంట్లో కూడా నోటీసు బోర్డులాగే ఉంటాడని.

అలాంటి మనిషి ఆ సోమవారం పొద్దున కుటుంబ కోర్టు మెట్లను మూడుసార్లు లెక్కపెట్టి మూడుసార్లూ వేరే సంఖ్య తెచ్చుకున్నాడు. ఇవాళ తేలేది కూతురి సంగతి.

కూతురికి పదేళ్లు. పుట్టినప్పుడు గుండ్రంగా ఉందని అమ్మమ్మ బుడంకాయ అంది. ఇప్పుడు అగ్గిపుల్లలా ఉన్నా ఆ పేరు పోలేదు.

నెల కిందట జడ్జి గారు విడాకులు ఖాయం చేస్తూ కళ్లద్దాల పైనుంచి ఇద్దరినీ చూసి ఇలా చెప్పింది: "మొగుడూ పెళ్లాలుగా మీ సంగతి అయిపోయింది. అమ్మానాన్నలుగా అవదు, అది కొట్టేసే అధికారం నాక్కూడా లేదు. పిల్ల చదువు, వైద్యం, ఇలాంటి నిర్ణయాలు ఇద్దరూ కలిసే తీసుకోవాలి. ఎవరింట్లో ఎన్ని రోజులుంటుందో మీరే అనుకుని ఇరవై ఎనిమిది రోజులు నడిపి చూపించండి. సాఫీగా నడిస్తే దాన్నే ఖాయం చేస్తాను. నడవకపోతే పిల్ల ఒకరి దగ్గరే ఉంటుంది. రెండోవాళ్లు నెలకు రెండు శనివారాలు, రెండేసి గంటలు, ఇక్కడే మూడో అంతస్తు గదిలో వచ్చి చూసుకోవాలి."

ఆ రోజే చార్టు సారు మూడో అంతస్తు ఎక్కి ఆ గది చూసొచ్చాడు. నేలకు బిగించేసిన కుర్చీలు, ఒక చెవి విరిగిన ప్లాస్టిక్ గుర్రం, గోడంత గడియారం. రెండు గంటలంటే ఆయన లెక్కలో ఊరు చుట్టే బస్సు ఒక్క ట్రిప్పు. ఒక్క ట్రిప్పులో ఏ తండ్రి మాత్రం ఏం చెప్పగలడు, ఏం వినగలడు? దిగేటప్పుడు కూడా మెట్ల లెక్క తప్పింది.

ఏర్పాటు మాత్రం చిటికెలో కుదిరింది. ఆవిడ పెద్దాసుపత్రి ల్యాబులో రక్తం పరీక్షలు చేస్తుంది. ఆవిడకీ షిఫ్టులే, ఈయనకీ షిఫ్టులే. ఎవరికి పొద్దుటి షిఫ్టు ఉంటే వాళ్లు మధ్యాహ్నం బడి నుంచి పిల్లను తీసుకెళ్లాలి, మర్నాడు పొద్దున బడిలో దింపాలి. ఆదివారాలు అమ్మమ్మవి. ఇద్దరూ మొదటి వారం పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. సోమ, మంగళ, బుధ ఈయన. గురు, శుక్ర, శని ఆవిడ. గురువారం ఇద్దరికీ పొద్దుటి షిఫ్టే పడింది, ఆ ఒక్కటీ ఈయన ఆవిడకు వదిలేశాడు. గొలుసు లింకుల్లా ఒకదాంట్లో ఒకటి కూర్చుంది.

"ఇలాగే తిరుగుతుందిగా?" అంది ఆవిడ.

"చార్టంటేనే తిరిగేది," అన్నాడు ఈయన.

సంతకాలు పెట్టి ఎవరి కాగితం వాళ్లు పట్టుకుపోయారు.

మొదటి వారం సాఫీగా నడిచింది. రెండో వారం బుధవారం మధ్యాహ్నం బడి గేటు దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు.

"మీరెందుకొచ్చారు?" అంది ఆవిడ.

"నా రోజు. నువ్వెందుకొచ్చావు?"

"నాదీ రోజు. పొద్దుటి షిఫ్టు దిగి నేరుగా వస్తున్నా. చూడండి, తెల్ల కోటు కూడా విప్పలేదు."

"నేనూ పొద్దుటి షిఫ్టే దిగా. చూడు, చెవి మీద పెన్సిలు కూడా తీయలేదు."

బుడంకాయ బయటికొచ్చి ఇద్దరినీ చూసింది. సంచీ ఇద్దరి మధ్య నేల మీద పెట్టి, అందులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఏదో రాసుకుంది. "ముందు మీరు తేల్చుకోండి. నేను ఉయ్యాల మీద ఉంటా," అని వెళ్లిపోయింది.

ఆ రోజు తల్లి గెలిచింది. గురువారం మళ్లీ ఇద్దరూ వచ్చారు, తండ్రి గెలిచాడు. శుక్రవారం కూడా వచ్చారు, పై వారం బుధ, గురువారాలూ వచ్చారు. అప్పటికి ఆ గేటు దగ్గర వేరే పిల్లల తల్లులు కాసేపు ఆగి చూసి వెళ్లడం మొదలుపెట్టారు.

అది నవ్వుకునే సంగతే. నవ్వలేని సంగతి వేరే ఉంది. రెండో వారం సోమవారం, శనివారం, మూడో వారం సోమవారం, మొత్తం మూడు రోజులు గేటు దగ్గరికి ఎవరూ రాలేదు. బడి రిజిస్టరులో 'తీసుకెళ్లినవారు' అన్న గడిలో మూడుసార్లూ 'అమ్మమ్మ' అని ఉంది. అది చూసి చార్టు సారుకు ఒళ్లు మండింది. ఆ మూడు రోజులూ తనకు సాయంత్రం షిఫ్టు. అంటే ఆవిడ రోజులే. రాకుండా వాళ్లమ్మను పంపించి ఊరుకుంది. సరిగ్గా అదే రిజిస్టరు చూసి ఆవిడకూ ఒళ్లు మండిందని, ఆ మూడు రోజులూ ఆయనవేనని ఆవిడ నమ్ముతోందని ఈయనకు తెలియదు. నాలుగో వారం ఏమీ జరగనట్టు అంతా మళ్లీ సర్దుకుంది. ఇద్దరూ ఎదుటివాళ్లు భయపడి దారికొచ్చారనుకున్నారు.

* * *

కోర్టు వరండాలో వకీలు ఆయన్ని పక్కకు లాగి ఒక కాగితం చూపించాడు. బడి రిజిస్టరు పేజీకి నకలు. మూడు 'అమ్మమ్మ'ల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు.

"ఇది చాలండీ. తల్లికి పిల్ల మీద ధ్యాసే లేదని తేలిపోతుంది. రెండు శనివారాలు ఆవిడకే."

కోపంగా ఉన్న ఇన్నాళ్లూ ఈ మాట వినాలనే ఉంది ఆయనకు. విన్నాక మాత్రం ఆ విరిగిన చెవి గుర్రం పక్కన తెల్ల కోటుతో కూర్చున్న ఆవిడ కళ్ల ముందు మెదిలింది. "అంత అక్కర్లేదేమో. నా రోజులు నాకుంటే చాలు," అన్నాడు.

"అదేం కుదరదు. నెల సాఫీగా నడవలేదని ఇద్దరూ ఒప్పుకున్నట్టే. ఎవరో ఒకరు పోవాలి," అని వకీలు లోపలికి పోయాడు.

బెంచీ చివర అత్తగారు కూర్చుని ఉంది, ఒళ్లో బిస్కెట్ల డబ్బాతో. బడికి ఎదురుగా ఆవిడదే జిరాక్స్ కొట్టు. చార్టు సారు ఆవిడను చూసి, పలకరించాలా వద్దా, పలకరిస్తే ఏమని పలకరించాలో తెలీక స్తంభం వెనక్కి జరిగాడు.

"ఏం అల్లుడు గారూ, స్తంభం బాగుందా?" అంది ఆవిడ.

"ఇంకా అల్లుడేంటండీ. విడాకులయ్యాయి కదా."

"అవి మీకూ మా అమ్మాయికీ. నాకెవరూ కాగితం ఇవ్వలేదే. ఇచ్చుంటే ఒక జిరాక్స్ తీసి పెట్టుకునేదాన్నిగా. కూర్చోండి."

ఆయన కూర్చుని బిస్కెట్టు తీసుకున్నాడు. "అత్తయ్యా, ఒక్కటడుగుతా. ఆ మూడు రోజులూ మిమ్మల్ని పంపించింది తనేగా?"

"నన్నెవరూ పంపలేదు. నా మనవరాలు కొట్టుకొచ్చి, 'అమ్మమ్మా, ఇవాళ సున్నా' అంది. తీసుకెళ్లి సంతకం పెట్టా. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది, అందుకని నోరు మూసుక్కూర్చున్నా." ఆవిడ గొంతు తగ్గించింది. "ఇంకో ముచ్చట. మీ వకీలు పట్టుకున్న నకలుందే, అది నా దగ్గరే తీయించాడు. పది నిమిషాల తర్వాత మా అమ్మాయి వకీలొచ్చి అదే పేజీ తీయించాడు. ఇద్దరి దగ్గరా డబ్బులు తీసుకున్నా."

'ఇవాళ సున్నా' ఏమిటని ఆయన అడిగే లోపే లోపలి నుంచి పిలుపొచ్చింది.

* * *

జడ్జి గారి గది చిన్నది. ఇద్దరు వకీళ్లూ ఒకేసారి లేచి ఒకే కాగితం అందించారు. జడ్జి గారు రెండూ పక్కపక్కన పెట్టి చూసింది.

"తల్లి రాలేదని ఒకరు, తండ్రి రాలేదని ఒకరు. సాక్ష్యం మాత్రం ఒకే పేజీ. మూలన సిరా మరక కూడా ఒకటే. ముందు అమ్మాయితో నేనొక్కదాన్నే మాట్లాడతాను. అందరూ బయటికి వెళ్లండి."

తలుపు మూసుకుంది. వరండాలో ఆయన అటు చివర, ఆవిడ ఇటు చివర. ఐదు నిమిషాలు ఏ చప్పుడూ లేదు. తర్వాత లోపలి నుంచి నవ్వు వినిపించింది. బుడంకాయ నవ్వు కాదు, అది ఆయనకు తెలుసు. ఇది పెద్ద మనిషి నవ్వు, ఆపుకుని ఆపుకుని చేతగాక వదిలేసిన నవ్వు. వకీళ్లిద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ల చదువులో ఈ అధ్యాయం ఉన్నట్టు లేదు.

పిలిచాక లోపలికి వెళ్తే జడ్జి గారు కళ్లద్దాలు తుడుచుకుంటోంది. బుడంకాయ ఆవిడ పక్క కుర్చీలో కాళ్లూపుకుంటూ కూర్చుంది, బల్ల మీద చిన్న నోటుబుక్కు.

"చార్టు సారూ, మీ డిపోలో వారానికెన్ని రోజులు?" అంది జడ్జి గారు.

"ఎనిమిదండీ," అన్నాడాయన వెంటనే. "అంటే బస్సులకు ఆదివారం ఉండదు కదండీ. నాలుగు రోజులు పొద్దుటి షిఫ్టు, నాలుగు రోజులు సాయంత్రం షిఫ్టు. ఎనిమిదికోసారి మళ్లీ మొదటికొస్తుంది."

"అమ్మా, మీ ల్యాబులో?"

"ఆరండీ," అంది ఆవిడ. "మూడు సాయంత్రాలు, మూడు పొద్దుళ్లు. రోగాలకీ ఆదివారం ఉండదు కదండీ."

ఆ మాట ఆవిడ నోటి నుంచి రాగానే చార్టు సారు చెయ్యి తనంతట తానే చెవి మీది పెన్సిలు కోసం వెళ్లింది.

"చెప్పు తల్లీ. నాకు చెప్పింది వీళ్లకీ చెప్పు," అంది జడ్జి గారు.

బుడంకాయ బోర్డు దగ్గర పాఠం చెప్పే టీచరులా గొంతు సవరించుకుంది.

"నాన్న ఎనిమిదికోసారి తిరుగుతాడు. అమ్మ ఆరుకోసారి తిరుగుతుంది. ఎనిమిదికీ ఆరుకీ కనిష్ఠ సామాన్య గుణిజం, క.సా.గు., ఇరవై నాలుగు. అంటే ఇరవై నాలుగు రోజులకోసారి మీరిద్దరూ మొదటి రోజులాగే సరిగ్గా అమరుతారు. కానీ బడి ఏడుకోసారి తిరుగుతుంది. ఇరవై నాలుక్కీ ఏడుకీ క.సా.గు. నూట అరవై ఎనిమిది. అంటే మొదటి వారం లాంటి వారం మళ్లీ నూట అరవై ఎనిమిది రోజుల తర్వాత వస్తుంది." నోటుబుక్కు తిప్పి చూపించింది. పేజీ నిండా మూడు వరసలు: 'ఒకరు', 'ఇద్దరు', 'సున్నా'. "ఐదు రోజులు ఇద్దరూ వచ్చారు. మూడు రోజులు ఎవ్వరూ రాలేదు. మిగతా అన్నీ ఒకరు. ఎవరూ మర్చిపోలేదు. లెక్కే అలా ఉంది."

చార్టు సారు ఆ 'సున్నా' వరసలో మూడు గీతల వైపు చూస్తూ ఉండిపోయాడు. నూట పన్నెండు మంది డ్రైవర్లకు పదిహేనేళ్లు ఒక్క గడి ఖాళీ పోకుండా చూసినవాడు, సొంత కూతురికి మూడు గళ్లు ఖాళీ వదిలేశాడు. పన్నెండేళ్ల కాపురంలో కూడా ఇవే గళ్లు ఉండే ఉంటాయి. అప్పుడు అత్తయ్య వచ్చి కూర్చునేది, అవి ఖాళీలని ఇద్దరికీ తెలియనే లేదు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు నాన్నా?" అన్నాడు మెల్లగా.

"చెప్తే మీలో ఎవరో ఒకర్ని తీసేస్తారేమోనని. అందుకే ముందు లెక్క పూర్తిగా కట్టి, సరిచూసి, అప్పుడు చెబుదామనుకున్నా."

"అయినా ఆరు రోజుల రోటా ఏంటి, ఎక్కడైనా ఉందా?" అన్నాడు చార్టు సారు ఆవిడ వైపు తిరిగి. కోపంగా అందామనుకున్నాడు, సగంలో పెదవి మీదికి నవ్వు జారింది.

"ఎనిమిది రోజుల వారం పెట్టుకున్నవాళ్లా అడిగేది?" అంది ఆవిడ. మొహం చేత్తో కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని ఈయన కంగారుపడి కుర్చీలోంచి లేచాడు. ఏడవడం లేదు. నవ్వుతోంది. అది చూసి ఈయనకూ వచ్చేసింది. వారాలుగా మోస్తున్న కోపం ఎవరి మీదా దించనక్కర్లేదని తెలిసేసరికి, రంగులరాట్నం దిగినవాడిలా తల తేలిపోయి, బల్ల అంచు పట్టుకుని మరీ నవ్వాడు. ఆయన వకీలు బల్ల మీది ఎర్ర సున్నాల కాగితాన్ని నెమ్మదిగా వెనక్కి లాక్కుని ఫైలు అడుక్కి తోసేశాడు.

"ఇంతమంది పెద్దవాళ్లున్న ఈ గదిలో వారానికి ఏడు రోజులని తెలిసింది ఈ పిల్లకొక్కదానికే," అంది జడ్జి గారు. "నిన్న రాత్రి నేను రెండు శనివారాల ఉత్తర్వు సగం రాసుకుని వచ్చాను. దాన్ని పక్కన పెడుతున్నాను. భోజనాల వేళలోపు ఏడు రోజుల చార్టు ఒకటి వేసి తీసుకురండి. ఈసారి గీసేది అమ్మాయి."

ఆయన వకీలు లేచాడు. "రోజులు సగం సగమైతే ఇక పోషణ ఖర్చు ప్రసక్తి ఉండదు కదండీ?"

"రోజులు వేరు, ఖర్చు వేరు. పిల్ల ఎవరింట్లో పడుకున్నా బడి ఫీజు ఒకటే, చెప్పుల సైజు ఒకటే. ఇద్దరి జీతాలూ చూసి వాటాలు వేస్తాను. తల్లి జీతం ఎక్కువ కాబట్టి ఆవిడ వాటా ఎక్కువ."

చార్టు సారుకు మొహం చెల్లలేదు. "ఆవిడ దగ్గర నేను తీసుకోవడమేంటండీ?"

"మీకెవరిస్తున్నారు? అది అమ్మాయిది. మీ ఇంట్లో ఉన్న రోజుల్లో అమ్మాయికి ఖర్చుపెట్టే చెయ్యి మీది, అంతే."

"నాకు చెప్పులు చిన్నవైపోయాయి," అని బుడంకాయ కాలు ఎత్తి చూపించింది.

* * *

వరండా బెంచీ మీద అత్తగారిని మధ్యలో కూర్చోబెట్టి చార్టు మొదలైంది. కాగితం దొరక్కపోతే వకీలు నకలు అడిగి వెనక్కి తిప్పారు. బుడంకాయ తండ్రి చెవి మీద నుంచి పెన్సిలు లాక్కుని ఏడు గళ్లు గీసింది.

"సోమ, మంగళ, బుధ నాన్న. గురు, శుక్ర, శని అమ్మ. ఆదివారం అమ్మమ్మ కొట్టు. నేను జిరాక్స్ మిషను నొక్కుతా."

"మా ల్యాబులో వాళ్లను అడిగి సర్దుకుంటా," అంది ఆవిడ. "వారం మొదట్లో సాయంత్రాలు నేను చేస్తానంటే ఎగిరి గంతేసేవాళ్లు నలుగురున్నారు."

చార్టు సారు నీరసంగా గడ్డం గోక్కున్నాడు. "నాకే కష్టం. సోమ, మంగళ, బుధ ఎప్పుడూ పొద్దుటి షిఫ్టే కావాలంటే..."

"మీ డిపోలో షిఫ్టులు వేసేదెవరు?" అంది ఆవిడ.

"నేనే."

"మరి?"

పదిహేనేళ్లుగా ఆయన అందరి పేర్లూ రాశాక ఆఖర్న మిగిలిన గడిలో తన పేరు వేసుకునేవాడు. తన పేరు ముందు రాసుకుంటే బాగుండదని. అది పెద్దరికం అనుకున్నాడు.

"అందరూ ఏరుకోగా మిగిలిన మనిషి మా ఇంటికొచ్చేవాడమ్మా," అంది ఆవిడ వాళ్లమ్మతో. దెప్పినట్టే ఉంది, గొంతులో మాత్రం మునుపటి పదును లేదు.

"మీ అర్జీ మీరే తిరగ్గొట్టుకున్నట్టుంది ఇన్నాళ్లూ," అంది అత్తగారు. "రాసెయ్యి బుడంకాయా. అల్లుడు గారి పేరు మొదటి గడిలో."

బుడంకాయ రాసింది. తర్వాత కాసేపు ఆలోచించి కింద ఇంకో గీత గీసి 'స్పేరు' అని రాసి పక్కన 'అమ్మమ్మ' అని పెట్టింది. స్పేరు అంటే డిపోలో ఎవరు రాకపోయినా బండెక్కడానికి సిద్ధంగా కూర్చునే డ్రైవరు. ఆ గడి వేయమని ఎవరూ చెప్పలేదు. చార్టు సారు మొహం పక్కకు తిప్పుకుని దగ్గాడు.

"బిస్కెట్టు పొడి," అన్నాడు ఎవరూ అడక్కుండానే.

భోజనాలకు పది నిమిషాల ముందు జడ్జి గారు ఆ కాగితం కింద ముద్ర వేసింది. వెనకవైపు ఎర్ర సున్నాలు అలాగే ఉన్నాయి.

* * *

పై సోమవారం డిపో నోటీసు బోర్డు మీద కొత్త చార్టు చూసి డ్రైవర్లు గుంపుగా నిలబడిపోయారు. మొదటి వరసలో మొదటి పేరు చార్టు సారుది. "సారుకు ఒంట్లో బాలేదా?" అని ఒకడు అడిగాడు. సారు అప్పటికే గేటు దాటి పోయాడు.

బడి వదలడానికి ఇంకా నలభై నిమిషాలుంది. ఆయన గేటు దగ్గర నిలబడి, కూర్చుని, నిలబడి, ఎదురు కొట్టు వైపు చూశాడు. జిరాక్స్ మిషను వెనకాల తెల్ల కోటు అంచు ఒకటి కనిపించింది. చూడగానే మాయమైంది.

"నీ రోజు కాదు కదా," అని రోడ్డు దాటి వెళ్లి అన్నాడు.

"నేను మీ కోసం రాలేదు," అంది ఆవిడ. "జిరాక్స్ పనుండి షిఫ్టులో గంట పర్మిషను పెట్టి వచ్చా."

"ఏదీ, దేనికే జిరాక్స్?" అని వాళ్లమ్మ చెయ్యి చాపింది. ఆవిడ చేతుల్లో చిన్న చీటీ కూడా లేదు.

గంట కొట్టారు. బుడంకాయ కొత్త చెప్పులతో పరిగెత్తుకొచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. నోటుబుక్కు తీసి 'ఒకరు' వరసలో గీత పెట్టబోయి, రోడ్డు అవతల మిషను వెనక నుంచి తొంగి చూస్తున్న తల్లిని చూసి ఆగింది. కాసేపు పెన్సిలు చివర కొరికి, ఒక కొత్త వరస గీసి, దాని తలమీద 'ఒకటిన్నర' అని రాసుకుంది.